అంచు నాది

బిషాపూర్ టంకసాలలో
ముఖం మా నాన్నది, అంచు నాది.

నేను పుట్టకముందే పోయిన రాజు,
రెక్కల కిరీటం, చెవికి ముత్యం, దువ్వి ముడేసిన గడ్డం,
నాన్న ఉలి కింద రోజూ లేచి కూర్చునేవాడు.
రాజ్యం పోయినా సంతకి ఆ ముక్కే తెలుసు.
గుర్రాలకి గడ్డి అమ్మేవాడు ఆ ముక్కు చూశాకే తక్కెడ ఎత్తేవాడు.
కొత్త అమీరుకీ ఆ వెండే కావాలి, సైనికుల జీతాలకి.
ముఖం ఉండనివ్వండి, అని కబురొచ్చింది,
అంచున మా దేవుడి పేరు చేర్చండి.

నాన్నకి ఆ లిపి రాదు.
నాకు ఏ లిపీ రాదు,
అందుకే ఆ పని నాకు దక్కింది.

బస్రా నుంచి హురైస్ అని ఒక కుర్ర లేఖకుడు,
మీసం ఇంకా నూగుగానే ఉంది,
కొలిమి బూడిద నేల మీద పరిచి వేలితో రాశాడు:
ఒక పన్ను, మూడు పళ్ళ దువ్వెన, ఒక ముడి.
ఆ పక్కన నిటారుగా ముగ్గురు, చివర ఒక ఉచ్చు.

అచ్చులో తిరగేసి చెక్కాలి, అన్నాను.
వాడి ముఖం పాలిపోయింది.
ఆ పేరునా? తిరగేసా?
జవాబు చెప్పకుండా నీళ్ళ తొట్టి చూపించాను.
వంగి చూసుకున్నాడు చాలాసేపు,
ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడికి పోయి ఉంది.
సరే, అన్నాడు. మనిషి మాత్రం నేనే.

మొదటి నాణెం వేడిగా ఉండగానే అరచేతిలో ఎగరేసుకున్నాడు.
నీ దువ్వెనలో మూడో పన్ను కుంగింది, అన్నాడు.
అది ఎప్పుడూ కుంగుతూనే ఉంది, ఏం చేసినా.

ఒక వైపు రాజు, ఒక వైపు మా అగ్ని,
దానికి అటొకడు ఇటొకడు కావలి,
అంచున వాళ్ళ దేవుడు.
కొన్నేళ్ళు ఎవరూ ఎవర్నీ దిగమనలేదు.

షాము నుంచి ఒకసారి రాగి సంచి వచ్చింది.
సిలువ పట్టుకున్న కైసరు, ఆయన పక్కనే
"ఇది మంచిది" అని రెండు భాషల్లో.
మంచిదాన్ని మంచిదని చెప్పుకోవాల్సిన రోజులు, అన్నాడు నాన్న.
పట్టు అమ్మే సమర్ఖందు నానైవందక్
నడుముకి చుట్టుకున్న తాడు విప్పి చీనా కాసులు దొర్లించాడు.
నాలుగు అక్షరాలు, నడుమ చదరపు కన్నం.
అంత పెద్ద దేశానికి రాజు ముఖం లేదా?
ఉంది, చూసినవాణ్ణి నేనెరగను, అన్నాడు
కాసులు మళ్ళీ గుచ్చుకుంటూ.
నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

డమాస్కస్ ఫర్మానా వచ్చేనాటికి నాన్న లేడు.
హురైసే తెచ్చాడు, గడ్డంలో బూడిద రంగు.
ముఖం వద్దు. అగ్ని వద్దు. కావలివాళ్ళూ వద్దు.
రెండు వైపులా మాటలే.
నాన్న అచ్చులు కొలిమిలో పడేసింది నేనే,
ఇంకొకరి చేత వేయించలేక.
ఇనుము ఎర్రబడి మెత్తబడి
ఆఖరికి పోయింది గడ్డమే.

మా అమ్మకి మశూచి వచ్చి చూపు పోయి ముప్పై ఏళ్ళు.
ఉన్ని అమ్మి, బొటనవేలితో డబ్బు లెక్కపెట్టుకునే మనిషి.
కొత్త దిర్హం ఆమె చేతిలో పెట్టాను.
తడిమింది. తిప్పి తడిమింది.
రాజేడీ?
లేడమ్మా.
మీ నాన్న ముక్కు?
నాకు నోరు పెగల్లేదు.

వేలు మెల్లగా అంచుకి జారింది,
చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట ఆగింది.
ఇదిగో, ఈ పన్ను కుంగింది.
ఇది నువ్వే.

తర్వాత నాణేన్ని కొరికి చూసి
వెండి మంచిదే, అంది.
సంత అయిపోకముందే పో,
ఈనబోయే గొర్రె ఉంటే బేరం చెయ్యి.